తెలుపు వెయ్యరు, వదిలేస్తారు

(మొన్న ఆదివారం నెల్లూరులో బొమ్మలు నేర్చుకునే పిల్లల కోసం పెట్టుకున్న చిన్న మీటింగులో ఒక పెద్ద ఆర్టిస్టు మాట్లాడిన మాటలు ఇవి. రాలేకపోయినవాళ్ళు అడిగారని ఫోన్లో రికార్డు చేసింది విని టైప్ చేశాను. ఆయన మాట ఆయన మాటగానే ఉంచా, తడబడిన చోట్ల మాత్రమే తీసేశా.)

అందరికీ నమస్కారం. కూర్చోండి కూర్చోండి. వెనకాల నిలబడ్డ పిల్లలు ముందుకి రండమ్మా, ఈడ చాప ఖాళీగానే ఉంది. వినపడతా ఉందా ఆ చివరికి? సరే.

నన్ను పిలిచినాయన ఫోన్లో ఏమన్నాడంటే, సార్ మీ జీవిత ప్రయాణం గురించి చెప్పండి, పిల్లలకి ఇన్‌స్పిరేషన్‌గా ఉంటుంది అన్నాడు. నాకు భయమేసింది. నా జీవిత ప్రయాణం ఏముంది, కావలి నుంచి నెల్లూరు. యాభై అరవై కిలోమీటర్లు, దానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది, అంతే. అందుకని ప్రయాణం సంగతి మధ్యలో వస్తే చెప్తా, నేను ఇవాళ ఒక్క రంగు గురించి మాట్లాడదామని వచ్చా. తెలుపు.

మీలో ఎంతమంది దగ్గర వాటర్ కలర్ బాక్స్ ఉంది? చేతులెత్తండి. అబ్బో, అందరి దగ్గరా ఉంది. అందులో అన్నిటికంటే ముందు అయిపోయే గొట్టం ఏది? చూశారా, అందరూ ఒకటే మాట. తెలుపు. మిగతా రంగులు సగం సగం ఉంటాయి, తెల్ల గొట్టం మాత్రం పళ్ళు తోముకునే పేస్టులాగా చివరిదాకా చుట్టేసి ఉంటుంది. నాది కూడా అంతేనబ్బయా. నలభై ఏళ్ళొచ్చేదాకా అంతే. ఎందుకంటే నేను వచ్చింది బోర్డుల పనిలో నుంచి.

పదో తరగతి తప్పాను, లెక్కల్లో. మా నాయన ఏమీ తిట్టలేదు, గమ్మున తీసకపోయి కావలి ట్రంకు రోడ్డులో ఒక బోర్డుల షాపు మేస్త్రి చేతిలో పెట్టాడు. ఆరు నెలలు బ్రష్షు ముట్టుకోనిస్తే ఒట్టు. కిరసనాయిల్లో బ్రష్షులు కడగడం, రేకులు గరుకు కాయితంతో రుద్దడం, సుద్ద పూసిన దారం ఒక చివర పట్టుకోవడం. దారం బిగించి మధ్యలో పట్టుకుని టప్పున వదిలితే రేకు మీద తెల్ల గీత పడేది, ఆ గీతకి ఆ గీతకి మధ్య అక్షరాలు. ఎరువుల కొట్లు, రైస్ మిల్లులు, సైకిల్ షాపులు, ఎలక్షన్లొస్తే గోడలు. గోడకైతే ముందు సున్నం కొట్టి దాని మీద రాసేది. తెలుగు అక్షరం రాయడం ఇంగ్లీషు అక్షరం రాసినట్టు కాదు, మనది అంతా గుండ్రం కదా, ఒక్క ఊపులో చెయ్యి తిరగాలి. తలకట్టు పెట్టేటప్పుడు ఊపిరి కూడా పీల్చనిచ్చేవాడు కాదు మా మేస్త్రి.

అక్షరం అంతా అయిపోయాక, షేడ్ కూడా వేసేశాక, ఆఖర్న తెల్ల ఎనామిల్‌తో ఎడమ పక్క పైన సన్నగా ఒక మెరుపు. అది పడితే అక్షరం రేకులోంచి లేచి బయటికొచ్చేది. ఆ మెరుపు మాత్రం మేస్త్రే వేసేవాడు, మమ్మల్ని వెయ్యనిచ్చేవాడు కాదు. "తెలుపు ఆఖర్నరా, పెరుగన్నం లాగా" అనేవాడు. నాకు అదే తలకెక్కింది. ఏ బొమ్మైనా సరే, ఆఖర్న తెలుపు పడాలి, పడితేనే పూర్తయినట్టు.

మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో చేరాలని ఆశ ఉండేది లెండి. అది చాలా పాతది, 1850లో పెట్టింది. మన వైపు నుంచి మద్రాసు ఎంత దూరం, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి ఆడుంటాం. అయితే రైలెక్కడం వేరు, ఆడ నాలుగైదేళ్ళు ఉండి తిని చదవడం వేరు. ఇంట్లో కుదరలేదు. దాని గురించి ఇంక చెప్పను.

2000 దాటాక ఫ్లెక్సులొచ్చాయి. నేను మూడు రోజులు రాసే బోర్డుని ఆ మిషన్ అరగంటలో తీసిచ్చేది, అందులో ఫోటోలు కూడా. మొదట మేం నవ్వుకున్నాం, ఎండకి ఆరు నెలల్లో వెలిసిపోతుంది, మళ్ళీ మన దగ్గరికే వస్తారు అని. వెలిసిపోయింది నిజమే. వాళ్ళు ఆరు నెలలకి ఇంకో ఫ్లెక్సు వేయించుకున్నారు. మన లెక్క అక్కడ తప్పింది, నేను లెక్కల్లోనే కదా పది తప్పింది.

పని లేక నెల్లూరొచ్చా. ఇళ్ళకి పోయి పిల్లలకి డ్రాయింగ్ చెప్పేవాడిని. ఖాళీగా ఉన్నప్పుడు పెన్న ఒడ్డున కూర్చుని రంగనాయకుల గుడి గాలిగోపురం వాటర్ కలర్‌లో వెయ్యడం మొదలుపెట్టా. ఎనామిల్ అయితే ఖర్చు, ఇదైతే చిన్న డబ్బా, చిన్న బ్రష్షు, ఇంట్లోవాళ్ళకి కనపడదు కూడా. వేసి, ఆఖర్న తెల్ల రంగు తీసుకుని గోపురం మీద ఎండ పడ్డ చోటల్లా మెరుపులు పెట్టా. ఎట్టా ఉందంటారు? ఎండలాగా లేదు, గోపురానికి సున్నం కొట్టినట్టు ఉంది. అట్టాంటివి ఒక యాభై వేసుంటా.

అవి తీసుకుని ఒకసారి మద్రాసు పోయా, ఎవరికన్నా చూపిద్దామని. ఆడ చోళమండలం ఉంది కదా, సముద్రం ఒడ్డున ఆర్టిస్టుల ఊరు, 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ గారు వాళ్ళు మొదలుపెట్టింది. పిల్లలూ ఇది వినండి, అంత పెద్ద ఆర్టిస్టులు కూడా బాతిక్ గుడ్డలు చేసి అమ్ముకుని ఆ డబ్బుల్తో స్థలం కొనుక్కున్నారు. అది విన్నాక బోర్డులు రాసినందుకు నేను సిగ్గుపడటం మానేశా. సరే, అక్కడ చూడ్డానికొచ్చిన ఒక రిటైరైన డ్రాయింగ్ మాస్టారు, తెలుగాయనే, నా బొమ్మలన్నీ ఒకటొకటి తిప్పి చూశాడు. ఏమన్నా అంటాడేమో అని నేను చేతులు కట్టుకుని నిలబడ్డా. ఆయన ఏమీ అనలేదు. "నీ రంగుల డబ్బా ఏదీ" అన్నాడు. ఇచ్చా. అందులోంచి తెల్ల ట్యూబు తీసి జేబులో వేసుకున్నాడు. డబ్బా నాకిచ్చాడు. "ఇది నా దగ్గరుంటుందిలే, పో" అన్నాడు.

నేను ఏమనుకోవాలి? ఆ రోజు రైల్లో నెల్లూరు దాకా కోపమే. ఇంకో ట్యూబు కొనుక్కోవచ్చు, పెద్ద ఖరీదు కాదు. అయినా ఎందుకో కొనలేదు. రెండేళ్ళు కొనలేదు.

తెల్ల ట్యూబు లేకపోతే ఏమైద్దో తెలుసా? కొంగ దగ్గర ఇరుక్కుంటాం. మన నెల్లూరులో వరి చేను వేస్తే అందులో కొంగ లేకుండా ఉంటుందా? నెల్లు అంటేనే వడ్లు అంటారు, ఊరి పేరులోనే చేను ఉంది. బోర్డు మీద అయితే చేనంతా పచ్చగా వేసి, ఆరాక రెండు చుక్కలు తెలుపు పెడితే కొంగైపోతుంది. వాటర్ కలర్‌లో తెలుపు ఎక్కడుంది? కాయితంలో ఉంది. కాయితమే తెలుపు. అంటే కొంగని నేను వెయ్యను, కొంగ చుట్టూ వరిచేను వేస్తా. అర్థమైందా? వెయ్యాల్సింది కొంగని కాదు, చేనుని. కొంగ మిగిలిపోవాలి.

ఇప్పుడు చేత్తో ఎట్టా ఉంటుందో చెప్తా. బోర్డు కొంచెం వాలుగా పెట్టుకుంటాం, తల వైపు ఎత్తు. పెద్ద బ్రష్షు నిండా పచ్చరంగు నీళ్ళు తీసుకుని పైనుంచి అడ్డంగా లాగుతాం, కింద అంచులో రంగు నీళ్ళు ఒక పూసలాగా నిలబడి ఉంటాయి. ఆ పూస ఆరిపోకుండా దాన్ని కిందకి దింపుకుంటా రావాలి. ఆరిందా, గీత పడుతుంది, ఆ గీతని దేవుడు కూడా చెరపలేడు. అట్టా వస్తా వస్తా కొంగ దగ్గరికొచ్చాం. ఇప్పుడు పూసని రెండుగా చీల్చాలి, కొంగకి ఎడమ పక్క ఒక పాయ, కుడి పక్క ఒక పాయ, పెన్నలో తిప్ప దగ్గర నీళ్ళు చీలినట్టు. మెడ సన్నగా ఉంటుంది, ఆడ చెయ్యి వణికిందా కొంగ బాతైపోతుంది. కాళ్ళ కింద రెండు పాయలూ మళ్ళీ కలవాలి. ఇదంతా ఎంత టైములో? మన ఊళ్ళో ఎండాకాలం అయితే ముప్పై సెకన్లు ఉండదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఇంక కాయితం ఎంత. అందుకే ఎండాకాలం పొద్దున ఆరింటికే కూర్చుంటా, ఎనిమిదికి లేచేస్తా. నీళ్ళలో ఒక చుక్క గ్లిజరిన్ వేస్తే కొంచెం ఆలస్యంగా ఆరుతుంది, రాసుకోండి ఇది పనికొస్తుంది. వాయుగుండం పట్టినప్పుడు కార్తీకంలో ఇది తిరగబడుతుంది, పొద్దున వేసిన వాష్, అదే ఇట్టా లాగిన రంగు నీళ్ళ పూత, సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంటుంది. మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ నేనే ఎక్కువ వాడతా.

రెండేళ్ళకి కొంగలు కొంచెం కుదిరాయి. మాస్టారికి చూపిద్దామని పోతే ఆయన ట్యూబు తిరిగిచ్చేశాడు. లోపల రంగు గడ్డకట్టిపోయింది. ఇంట్లో ఉంది ఇంకా.

ఒంగోలు గిత్త

తెలుపు వదిలెయ్యడం వచ్చింది కదా అని కొంచెం పొగరు కూడా వచ్చింది. అప్పుడు తగిలింది గిత్త. సంక్రాంతికి ఒంగోలు వైపు ఒక ఊళ్ళో బండ లాగుడు పందాలు చూడబోయి, ఒక రైతు గిత్తని చూసి ఆగిపోయా. మూపురం నా భుజం కంటే ఎత్తు. కడిగి, కొమ్ములకి నూనె రాసి చెట్టు కింద కట్టేశారు. ఆయనే అడిగాడు, నా గిత్తని వేసివ్వవయ్యా, డబ్బులిస్తా అని. నాకింకేం కావాలి. మర్నాడు పొద్దున్నే పోయి కూర్చున్నా.

ఈడ ఒక ముక్క చెప్పాలి. ఒంగోలు గిత్త అంటాం కదా, బ్రెజిల్ దేశంలో ఈ జాతినే నెలోర్ అంటారు, మన నెల్లూరు పేరు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది, ప్రకాశం జిల్లా 1970లో కదా వచ్చింది. ఈ సంగతి ఒంగోలోళ్ళ దగ్గర అంటే ఒప్పుకోరు, నేను అని ఒకసారి తిట్లు తిన్నా. ఇందులో ఒంగోలు వాళ్ళెవరన్నా ఉంటే మన్నించండి.

గిత్త తెలుపు. కాయితం తెలుపు. వదిలేస్తే సరిపోయె కదా? వదిలేశా. చుట్టూ చెట్టు, గడ్డివాము, అన్నీ వేశా. గిత్త ఉండాల్సిన చోట గిత్త ఆకారంలో చిల్లు పడ్డట్టు ఉంది. గోడకి చిల్లు. బరువు లేదు, ఒంట్లో కండ లేదు. అప్పుడు చింపేసి, ఇంకో షీటు పెట్టుకుని, బ్రష్షు ముట్టుకోకుండా ఒక గంట చూస్తా కూర్చున్నా. ఒక పని చేశా. నా జేబులో తెల్ల రుమాలు తీసి గిత్త పొట్ట పక్కన ఎత్తి పట్టుకున్నా. అమ్మా! గిత్త తెలుపే కాదు. రుమాలు పక్కన పెడితే గిత్త పొట్ట బూడిద కలిపిన నీలం. ఎందుకంటే వెన్ను మీద ఎండ పడుతుంది, పక్కలకి ఎండ తగలదు, ఆకాశం వెలుగే తగులుతుంది, ఆకాశం నీలం కదా. ఇంకా కిందకి పోతే, పొట్ట అడుగున మళ్ళీ వెచ్చగా ఉంది, పసుపు మన్ను రంగు, అది కింద గడ్డి మీద పడ్డ ఎండ పైకి కొట్టేది. ఒంగోలు జాతికి వెంట్రుక తెలుపు, తోలు నలుపు, అది కూడా లోపల నుంచి కొంచెం తెలుస్తా ఉంటుంది. మూపురం, మెడ, తల మీద ఎటూ బూడిద రంగే. నిజంగా తెలుపు ఎంతుందో తెలుసా? వెన్ను మీద ఒక పట్టీ. మూపురం కొన మీద నా బొటనవేలి గోరంత. అంతే. ఆ గోరంత తెలుపు కోసం మిగతా గిత్తనంతా రంగు వెయ్యాలి.

అల్ట్రామెరైన్ నీలం, బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రమన్ను రంగు, రెండూ కలిపితే ఒక బూడిద రంగు వస్తుంది, నీలం ఎక్కువ వేస్తే చల్లగా, సియెన్నా ఎక్కువ వేస్తే వెచ్చగా. ఆ రెండింటితోనే గిత్త మొత్తం అయిపోయింది, పొట్ట కింద మాత్రం ఎల్లో ఓకర్, అదే ఆ పసుపు మన్ను రంగు. లేచి నాలుగడుగులు వెనక్కి పోయి చూసుకుంటే గిత్త నిలబడి ఉంది. నాకు ఒళ్ళు జలదరించింది, అబద్ధమెందుకు.

రైతుని పిలిచి చూపించా. ఆయన చూశాడు, గిత్త వైపు చూశాడు, మళ్ళీ బొమ్మ చూశాడు. "ఏందయ్యా నా గిత్త నీలంగా ఉంది? జబ్బు చేసినట్టు!" అన్నాడు. నేను రుమాలు తీసి చూపించా, ఆకాశం అన్నా, వెలుగు అన్నా. అంతా విన్నాడు పాపం. విని, "అయితే మాత్రం, తెల్లగొడ్డుని తెల్లగా వెయ్యాలి గానీ" అన్నాడు. తీసుకోలేదు. కాఫీ ఇచ్చి పంపించాడు. ఆ బొమ్మ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆయనది తప్పంటారా? నేను అనను. ఆయన ఆ గిత్తని రోజూ కడుగుతాడు, తెల్లగా చెయ్యడానికే కదా కడిగేది.

దాని తర్వాత నాకు పిచ్చి పట్టింది. యాడ తెలుపు ఉంటే ఆడికి పోవడం. ఇసకపల్లి ఉప్పు మళ్ళు, పెన్న ఇసుక, మైపాడు సముద్రం నురగ. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్ళలో తెల్ల టోపీలు, తెల్ల బట్టలు, నీళ్ళలో వాటి నీడలు, అది ఇరవైసార్లన్నా వేసుంటా, ఒక్కటీ కుదర్లేదు. జనం కదులుతా ఉంటారు, నేను రొట్టె తింటా ఉంటా.

సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు పులికాట్ మధ్యలో పోతుంది, రెండు పక్కలా నీళ్ళు. జిల్లాలు విడగొట్టాక సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ నాకైతే అది మన చెరువే. చలికాలం ఆడ ఫ్లెమింగోలు దిగుతాయి. ఎవరు వేసినా గులాబీ రంగు పులిమేస్తారు. మీరు ఒకసారి పోయి చూడండి, నీళ్ళలో నిలబడి ఉన్నప్పుడు అవి దాదాపు తెలుపే, కాళ్ళూ ముక్కూ తప్ప. రెక్క విప్పిందా, అప్పుడు బయటపడుతుంది లోపలి ఎరుపు, అంచున నలుపు. ఆ ఎరుపు కూడా అవి తినే నాచులోంచి, చిన్న చిన్న రొయ్యల్లాంటి పురుగుల్లోంచి వచ్చేదే. ఎగిరే గుంపు వెయ్యాలంటే నాకు టైము లేదు, చెయ్యి చాలదు. అందుకే నిలబడ్డవే వేస్తా, రెక్క లోపల ఎరుపు ఉందని నాకు తెలుసు, చూసేవాడికి తెలియదు, అయినా ఎక్కడో ఒక చోట అది కొంచెం పడుతుంది.

నేలపట్టు ఇంకో కథ. దొరవారిసత్రం దగ్గర. గూడబాతులు, అదే పెలికాన్లు, వచ్చి చెరువులో కడప చెట్ల మీద గూళ్ళు పెడతాయి. పక్షులు తెలుపు అని పోయా, తీరా చూస్తే చెట్లు తెలుపు! రెట్టలు. కొమ్మలన్నీ సున్నం పోసినట్టు. ఆ రెట్టల నీళ్ళు పొలాలకి పారితే ఎరువు, ఊళ్ళోవాళ్ళు సంతోషిస్తారు. నేను ఆ బొమ్మ ఎగ్జిబిషన్లో పెడితే ఒకావిడ "ఎంత బాగుందండీ, మంచు కురిసింది" అంది. నేను ఏమీ అనలేదు.

మంచు అంటే గుర్తొచ్చింది, మంచు కూడా చూసొచ్చా. హిమాచల్‌లో నగ్గర్ అని ఒక ఊరు, కులూ దగ్గర. నికొలస్ రోరిక్ అని రష్యా ఆయన 1928 నుంచి పోయేదాకా, 1947 దాకా, ఆడే ఉండి హిమాలయాలు వేశాడు. ఆయన ఇల్లు మ్యూజియంగా ఉంది. మంచు కొండని ఊదా వేశాడు, గులాబీ వేశాడు, ఆకుపచ్చ కూడా వేశాడు. ఫోటోల్లో చూసినప్పుడు ఈయనెవరో ఊహించి వేసుకున్నాడనుకున్నా. సాయంత్రం ఆ ఇంటి బయట నిలబడితే ఎదురుగా కొండ అట్టాగే ఉంది. నా గిత్త రైతుని తీసుకురావాల్సింది అనిపించింది. పొద్దున్నే చలిలో ఒక వాష్ వేశా, వేస్తా ఉండగానే నీళ్ళు కాయితం మీద గడ్డకట్టి ఆకు ఈనెల్లాగా గీతలు పడ్డాయి. మన ఊళ్ళో ఆరిపోతుందని బాధ, ఆడ గడ్డకడుతుందని బాధ. ఎండకి కరిగాక కూడా ఆ ఈనెలు రంగులో అట్టాగే నిలిచిపోయాయి, నేను చచ్చినా వెయ్యలేను అట్టాంటి గీతలు.

గుజరాత్‌లో ఉప్పు ఎడారి కచ్ఛ్ రణ్ కూడా పోయా, భుజ్ నుంచి బస్సులో. పౌర్ణమి రోజు చూడాలని చెప్పారు. చూసినంత మేర ఉప్పే, కాళ్ళ కింద కరకరమంటా ఉంది. అందరూ అబ్బా అబ్బా అంటా ఫోటోలు తీసుకుంటున్నారు, నేను మాత్రం మూడు రోజులు రైళ్ళూ బస్సులూ మారి ఇసకపల్లికి వచ్చానేందిరా అనుకున్నా. నవ్వకండి, నిజం. తేడా ఏందంటే ఇసకపల్లిలో ఉప్పు రాసి పక్కన మనిషి ఉంటాడు, కావడి ఉంటుంది, తాటాకులు కప్పి ఉంటాయి. ఈడ ఏమీ లేదు. ఏమీ లేనిదాన్ని ఎట్టా వెయ్యడం? షీటు ఖాళీగా పెట్టుకుని గంట కూర్చుని, పైన మూడో వంతులో ఒక పల్చటి గీత గీశా, ఆ గీత మీద దూరంగా నలుగురు మనుషులు, చీమలంత. అంతే. పైన ఆకాశం ఒక్క వాష్.

ఆ బొమ్మ చెన్నైలో గ్రూప్ షోలో పెట్టా. ఎగ్జిబిషన్ అంటే మీరేమనుకుంటున్నారో, అది సగం కూలి పనే. మౌంట్ కోయించాలి, ఫ్రేములు కట్టించాలి, అద్దాలతో పన్నెండు బొమ్మలు దుప్పట్లలో చుట్టి పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో ఎక్కించాలి. రెండు అద్దాలు దారిలోనే పగిలాయి, ఒక అద్దం ముక్క బొమ్మ మీద గీరింది కూడా. అమ్మితే గ్యాలరీ వాళ్ళు మూడో వంతు తీసుకుంటారు, అమ్మకపోతే రైలు చార్జీ మనదే. సరే, ఒకాయన ఈ ఉప్పు బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. నాకు గుండె కొట్టుకుంటా ఉంది. వచ్చి అడిగాడు, "సార్, ఇది పూర్తయిందా?" అయిందండీ అన్నా. "సగమే వేశారు కదా, రేటు కూడా సగం చెయ్యండి" అన్నాడు. చేశానా? చేశా. ఫ్రేము ఖర్చు రావాలిగా. ఇంకో పెద్దమనిషి రెండు గూడబాతుల బొమ్మలు తీసుకుని వచ్చే వారం పంపిస్తానన్నాడు డబ్బు. ఆ వారం ఇంకా రాలేదు.

బొంబాయి జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ కూడా చూసొచ్చా, 1952 నుంచి ఉంది. ఆడ షో దొరకాలంటే ఏళ్ళ తరబడి ఆగాలి. నాకు లోపల కంటే బయట పేవ్‌మెంట్ మీద బొమ్మలు పెట్టుకున్నవాళ్ళ దగ్గర ఎక్కువసేపు గడిచింది. పోయేవాళ్ళు ఆగి చూస్తారు, ఏదో ఒకటి అంటారు. మన రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి గ్యాలరీకి మాత్రం మీరు తప్పకుండా పోవాలి. ఆయన మశూచి వచ్చి 1925లో పోయాడు, 28 ఏళ్ళు కూడా నిండలేదు. ఇరవై ఎనిమిది! నేను ఆ వయసుకి ఎరువుల కొట్టు మీద అక్షరాలు రాస్తా ఉండా.

2021 నవంబర్లో పెన్న వచ్చింది కదా, మా ఇంట్లోకి కూడా వచ్చింది. మంచం కింద అట్టపెట్టెల్లో పెట్టిన బొమ్మలు, నూటికి పైనే, నానిపోయాయి. వాటర్ కలర్ మళ్ళీ నీళ్ళు తగిలితే ఏమైద్దో చెప్పక్కర్లేదు. మా ఆవిడ ఏడ్చింది, నేను ఏడవలేదని ఇంకా ఏడ్చింది. ఎండబెడితే చాలా వాటికి బూజు పట్టింది, పారేశాం. ఒక్కదాన్ని మాత్రం ఉంచుకున్నా, పెన్న ఇసుక బొమ్మే అది. ఇసుక కోసమని నేను వదిలేసిన తెలుపు మీద బురద నీళ్ళు సన్నగా ఒక వాష్ పట్టి ఆరింది. నేను ఏళ్ళ తరబడి కలుపుతుండా ఆ ఇసుక రంగు, నాకు రాలేదు. ఏటిలో మన్ను ఏటి ఇసుక రంగు కాక ఇంకేముంటుంది. సంతకం ఎవరిది పెట్టాలో తెలియక పెట్టలేదు.

పిల్లలు అడిగినవి

ఏమ్మా? ఫోటో చూసి వెయ్యొచ్చా అనా? వెయ్యొచ్చు, నేను కూడా వేస్తా వానాకాలంలో. కానీ తెల్లవాటికి ఫోటోని నమ్మొద్దు. కెమెరా ప్రతిదాన్నీ మధ్యరకం వెలుగుకి తెచ్చేస్తుంది, ఉప్పు రాసి తీస్తే అది బూడిదగా వస్తుంది, దాన్ని సరిచేస్తే ఎండ పడ్డ చోటంతా తెల్లగా కాలిపోతుంది. నీడలో ఉన్న ఆ నీలం పోతుంది. రుమాలు పట్టుకుని పోండి, అదే మంచిది.

ఆ అబ్బాయి అడిగింది, కంప్యూటరే బొమ్మలు వేస్తుంది కదా ఇంక మేం ఎందుకు నేర్చుకోవాలి అని. నన్ను ఫ్లెక్స్ మిషన్ ఒకసారి రోడ్డున పడేసిందని చెప్పానుగా. మళ్ళీ పడేస్తే పడేస్తుంది, నాకు అలవాటే. మీ సంగతి మీరు చూసుకోవాలి, నేను అబద్ధం చెప్పలేను.

కాయితం ఏది కొనాలి? నేర్చుకునేటప్పుడు ఏదైనా పర్లేదు గానీ కనీసం 300 జీఎస్ఎం మందం ఉండాలి, లేకపోతే అప్పడంలాగా వంకర పోతుంది. కాటన్ కాయితం ఖరీదు, ఒక షీటు డబ్బుతో వారం కూరగాయలొస్తాయి, అది మీ అమ్మ చెప్పినప్పుడు కొనుక్కోండి.

తెల్ల ట్యూబు పారెయ్యాలా సార్ అంటాడేందబ్బా ఈ చిన్నోడు! పారెయ్యొద్దు నాయనా, మీ నాయన డబ్బులు పెట్టి కొనిచ్చాడు. ఇటు తీసుకురా, ఈ బల్ల మీద పెట్టు. నీ పేరు కాయితం మీద రాసి అంటించు. సంక్రాంతికి వచ్చి తీసుకో. ఇంకెవరన్నా ఇస్తారా? ఇవ్వనంటే ఇవ్వకండి, బలవంతమేం లేదు.

సరే, వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి రంగనాయకుల గుడి వెనక, ఏటి ఒడ్డున ఉంటా. వచ్చేవాళ్ళు టోపీ, క్లిప్పులు, తెల్ల రుమాలు తెచ్చుకోండి. నీళ్ళ బాటిల్ మాత్రం ఎవరిది వాళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోండమ్మా, ఏటిలో ముంచుకుందాం అనుకునేరు, పెన్నలో నీళ్ళు ఉంటాయో ఉండవో నేను చెప్పలేను.